మిద్దె మీద నుంచి నీలి సూపర్‌జెయింట్ల స్పెక్ట్రం తీసి, సొంత జాబితా రాసుకోవడం ఎలా?

ఏటా సంక్రాంతి దాటి ఆకాశం తేటపడగానే నాకు అదే ప్రశ్న మొదలవుతుంది. "ఓరియన్ తారామండలంలోని రైజెల్ తార స్పెక్ట్రం మన మిద్దె మీద నుంచి తీయొచ్చా? ఎంత పెద్ద టెలిస్కోప్ కావాలి?" అడిగేవాళ్లలో ఒంగోలు డిగ్రీ పిల్లలు ఉన్నారు, కావలిలో ఫొటో స్టూడియో నడిపే ఆయన ఉన్నాడు, నెల్లూరు నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి విసుగొచ్చి, ఇక అందరికీ కలిపి రాస్తున్నాను.

స్పెక్ట్రం అంటే తార వెలుగు రంగులుగా విడిపోయి పడే పట్టీ. టూకీగా జవాబు: తీయొచ్చు. టెలిస్కోప్ అక్కర్లేదు. పాత డీఎస్‌ఎల్‌ఆర్, 50 ఎంఎం లెన్స్, ఒక గ్రేటింగ్ (వెలుగును రంగులుగా విడదీసే సన్నగీతల గాజు), కదలని ట్రైపాడ్ ఉంటే మొదటి రాత్రే ఫొటో వస్తుంది. అందులో ఏముందో ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం దగ్గరే చాలామంది జారిపోతారు. అందుకే ఈ గైడ్‌లో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

సిద్ధాంతం ఎంత కావాలో అంతే చెప్తాను. నీలి సూపర్‌జెయింట్ అంటే బాగా బరువైన, బాగా వేడి, బాగా ఉబ్బిన తార. రైజెల్ ఉపరితలం దాదాపు 12,000 కెల్విన్. అడ్డకొలతలో సూర్యుడికి డెబ్భై ఎనభై రెట్లు ఉంటుంది. అంతగా ఉబ్బింది కాబట్టి దాని పైపొరల్లో వాయువు పలచగా ఉంటుంది. ఒత్తిడి తక్కువ కాబట్టి హైడ్రోజన్ గీతలు, అంటే హైడ్రోజన్ వెలుగును మింగిన చోట స్పెక్ట్రంలో పడే నల్ల గీతలు, సన్నగా ఉంటాయి. అదే వేడి ఉన్న మామూలు తారలో వాయువు ఒత్తుగా ఉండి ఆ గీతలు వెడల్పుగా, లోతుగా పడతాయి. మనం పట్టుకోవలసిన తేడా ఇదే. కంటికి కనిపించే నీలం రంగును మాత్రం నమ్మొద్దు. ఎందుకో తరువాత చెప్తాను.

ఇంకో మాట. వేడినిబట్టి తారలను ఓ, బి, ఎ, ఎఫ్ వగైరా తరగతులుగా, వాటిలో మళ్లీ 0 నుంచి 9 దాకా విడదీస్తారు. ఉబ్బునుబట్టి ఇంకో అంకె చేరుస్తారు. 1ఎ అంటే బాగా వెలిగే సూపర్‌జెయింట్, 1బి అంటే కాస్త తక్కువది, 3 జెయింట్, 5 మామూలు తార, 4 ఆ రెంటికీ మధ్యది. ఈ రెండో అంకెను రోమన్‌లో రాయడం ఆనవాయితీ. చదవడానికి సులువుగా ఉంటుందని ఇక్కడ మామూలు అంకెల్లోనే రాస్తున్నాను. రైజెల్ బి8, 1ఎ.

కావలసినవి

మాన్యువల్ మోడ్, రా ఫార్మాట్ ఉన్న కెమెరా. పాతదైనా పర్వాలేదు. 50 ఎంఎం లేదా 85 ఎంఎం లెన్స్. మిల్లీమీటరుకు 100 గీతలున్న గ్రేటింగ్. స్టార్ ఎనలైజర్ 100 అని అమ్మేది ఇదే, ఖరీదు ఒక మాదిరి స్మార్ట్‌ఫోన్ అంత. దాన్ని లెన్స్ ముందు బిగించడానికి స్టెప్ రింగ్. గట్టి ట్రైపాడ్, రిమోట్ లేదా రెండు సెకన్ల టైమర్. కంప్యూటర్లో సిరిల్, బాస్ ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్లు, రెండూ ఉచితమే. డబ్బు పెట్టగలిగితే ఆర్‌స్పెక్ వాడటం సులువు. వీటితో పాటు ఒక నోట్‌బుక్, పెన్ను. ఫోన్లో టైప్ చేస్తానంటారా, స్క్రీన్ వెలుగుకు కళ్లు చెదిరి మళ్లీ చీకటికి అలవాటు పడటానికి చాలాసేపు పడుతుంది.

చవగ్గా దొరికే ప్లాస్టిక్ గ్రేటింగ్ షీటు చాలదా అని అడుగుతారు. వీధిలైటు చూడటానికి చాలు. తారకు చాలదు. వెలుగంతా రెండు పక్కలకూ పంచేసి, మనకు కావలసిన వైపు కొసరు మాత్రమే ఇస్తుంది. మంచి గ్రేటింగ్ ఎక్కువ వెలుగును ఒకే పక్కకు తోస్తుంది. ఆ పక్క ఏదో తెలియడానికి దాని అంచు మీద చిన్న గుర్తు ఉంటుంది.

1. రోజు, చోటు ఎంచుకోండి

మన నెల్లూరు, ఒంగోలు తీరంలో ఎక్కువ వానలు ఈశాన్య రుతుపవనాలవే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, తుఫాన్లు. ఓరియన్ సాయంత్రాల్లో తూర్పున లేచేదీ సరిగ్గా అప్పుడే కాబట్టి ఆ మూడు నెలలూ ఆశ వదిలేయండి. జనవరి మూడో వారం నుంచి మార్చి ఆఖరు దాకా మన సీజన్. సీజన్ మొదట్లో రాత్రి ఎనిమిది, తొమ్మిదికి ఓరియన్ దక్షిణం వైపు నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. మా అమ్మమ్మ గొల్లకావడి అని చూపించే మూడు చుక్కల వరుస దొరికితే చాలు, మిగతావన్నీ దాని చుట్టూనే.

తీరం వెంట ఉండేవాళ్లకు రెండు బాధలు. ఒకటి, రొయ్యల గుంటల లైట్లు. అవి తెల్లవార్లూ వెలుగుతాయి. లెన్స్‌లోకి నేరుగా పడకుండా మిద్దె పిట్టగోడ చాటున ట్రైపాడ్ పెట్టుకోండి. రెండోది ఉప్పు తేమ. పది దాటాక గ్రేటింగ్ మీద మంచు పడుతుంది. ఫొటోలో స్పెక్ట్రం మెల్లగా మసకబారుతూ వస్తుంటే తప్పు ఫోకస్‌లో ఉందని దాన్ని తిప్పుతూ కూర్చోకండి, ముందు గ్రేటింగ్ మీద టార్చ్ వేసి చూడండి. హెయిర్ డ్రయ్యర్ గాలి దూరం నుంచి తగిలిస్తే పోతుంది. గుడ్డతో మాత్రం తుడవకండి, గాజు గరుకు పడొచ్చు.

కందుకూరు, ఉదయగిరి వైపు లోపలికి వెళ్లగలిగితే ఆకాశం ఇంకా నల్లగా ఉంటుంది. కానీ మొదటి నెల ఇంటి మిద్దె మీదే చేయండి. మన మొదటి చీటీలోని తారలన్నీ టౌన్ వెలుగులో కూడా కనిపించేవే.

2. తారల చీటీ ముందే రాసుకోండి

మిద్దె ఎక్కాక వెతుక్కుంటే కుదరదు. నా మొదటి సీజన్ చీటీ ఇది. బ్రాకెట్లలో ప్రకాశం (మాగ్నిట్యూడ్, అంకె పెరిగినకొద్దీ తార మసక), తరువాత హెచ్‌డీ (హెన్రీ డ్రేపర్) కేటలాగ్ నంబరు ఇచ్చాను.

రైజెల్ (0.13), 34085.
అల్నిలమ్ (1.69), 37128. మూడు చుక్కల వరుసలో నడిమిది. బి0, 1ఎ.
సైఫ్ (2.06), 38771. ఓరియన్ కింది మూలలో రైజెల్‌కు ఎదురుగా ఉండేది. బి0.5, 1ఎ.
అలూడ్ర (2.45), 58350. సిరియస్‌కు కింద, పెద్ద కుక్క (కేనిస్ మేజర్) తారామండలం తోక దగ్గర. బి5, 1ఎ.
ఒమిక్రాన్-2 కేనిస్ మేజోరిస్ (3.02), 53138. బి3, 1ఎ.
నావోస్ (2.25), 66811. ఓ4 సూపర్‌జెయింట్. దక్షిణాన కాస్త కిందుగా.

పోలికకు సూపర్‌జెయింట్లు కాని మూడు తారలు తప్పనిసరి: సిరియస్ (ఎ1, 5), రెగ్యులస్ (బి8, తరగతి 4), ఎల్‌నాత్ (బి7, 3). ఇవి లేకుండా పై వాటిని తీయడం బాటు లేకుండా తూకం వేయడమే.

నావోస్ గురించి కాస్త గొప్ప చెప్పుకోవచ్చు. అది ఆకాశంలో 40 డిగ్రీల దక్షిణాన ఉంది. నెల్లూరు 14.4 డిగ్రీల ఉత్తరాన ఉంది కాబట్టి మనకు దిగంతం నుంచి 35 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లండన్ వాళ్లకు అది అసలు లేవనే లేవదు.

ఒక మెలిక: అలూడ్ర పక్కనే వెజెన్ అని ఇంకో సూపర్‌జెయింట్ ఉంది. దాన్ని కలపకండి. అది ఎఫ్8, పసుపు సూపర్‌జెయింట్. పొరపాటున తీస్తే హైడ్రోజన్ గీతలు తక్కువగా కనిపించి అలూడ్రే అనుకుంటారు. చిన్న చార్టు ప్రింట్ తీసుకుని పైకి వెళ్లండి.

3. గ్రేటింగ్‌ను సరైన వైపుకు తిప్పండి

ట్రైపాడ్ మీద కెమెరా కదలదు, తార కదులుతుంది. ఈ కదలిక ఇక్కడ మనకు పనికొస్తుంది. తార తూర్పు నుంచి పడమరకు జరుగుతుంది. స్పెక్ట్రం ఉత్తర దక్షిణాలుగా పడేట్టు గ్రేటింగ్‌ను తిప్పితే, తార జరిగినకొద్దీ సన్నని దారంలాంటి స్పెక్ట్రం పట్టీలా వెడల్పవుతుంది. అప్పుడు గీతలు కంటికే కనిపిస్తాయి. తప్పు దిక్కుకు తిప్పితే స్పెక్ట్రం తన మీద తనే జరిగి గీతలన్నీ అలుక్కుపోతాయి.

తార సరిగ్గా దక్షిణాన ఉన్నప్పుడు కెమెరాను సమంగా పెడితే తార అడ్డంగా జరుగుతుంది. కాబట్టి స్పెక్ట్రం నిలువుగా పడాలి. గ్రేటింగ్ అంచు మీది గుర్తు పైకో కిందికో ఉంటే సరిపోతుంది.

4. ఫోకస్, ఎక్స్‌పోజర్

సిరియస్‌తో మొదలుపెట్టండి. లైవ్ వ్యూలో పెద్దది చేసి ఫోకస్ చేయండి, తరువాత పది సెకన్ల ఫొటో తీసి స్పెక్ట్రంలో గీతలు పదునుగా ఉన్నాయా చూడండి. మనకు కావలసింది నీలం వైపు గీతలు. చుక్క పదునుగా ఉండి గీతలు మసకగా ఉంటే, చుక్కను వదిలేసి గీతలకే ఫోకస్ చేయండి. ఒకసారి కుదిరాక రింగ్ మీద టేప్ అంటించేయండి.

సెట్టింగులు: ఐఎస్ఓ 800, ఎఫ్2.8, 10 సెకన్లు. రా ఫార్మాట్‌లోనే. జేపెగ్‌లో కెమెరా తన సొంత తెలివి కలుపుతుంది, దాంతో కొలతలు తప్పుతాయి.

ఇక్కడ అందరూ పొరబడే సంగతి ఒకటుంది. స్పెక్ట్రం వెలవెలబోతుంటే సమయం 20 సెకన్లకు పెంచుతారు. పట్టీ వెడల్పవుతుంది గానీ వెలుగు పెరగదు, ఎందుకంటే తార ఒక్కో పిక్సెల్ మీద ఆగే సమయం మారదు కదా! వెలుగు కావాలంటే ఎపర్చర్ తెరవాలి, లేదా ఐఎస్ఓ పెంచాలి, లేదా ఎక్కువ ఫ్రేములు తీసి కలపాలి. అలూడ్ర, ఒమిక్రాన్-2 లాంటి వాటికి ఇరవై ముప్ఫై ఫ్రేములు తీయండి. ప్రకాశం 3 బాగా దాటిన తారలకు ట్రాకర్ (తారతో పాటు కెమెరాను తిప్పే పరికరం) లేకుండా దిగకండి.

దీనికి తిరుగు కూడా ఉంది. సిరియస్, రైజెల్ స్పెక్ట్రాల్లో ఏ భాగమైనా తెల్లగా మాడిపోయిందేమో హిస్టోగ్రాంలో చూడండి. మాడిన చోట గీత లోతు కొలవడం కుదరదు. మాడితే ఎపర్చర్ తగ్గించండి.

చుక్క, స్పెక్ట్రం రెండూ ఒకే ఫ్రేములో ఉండాలి. చుక్కే మనకు సున్నా గుర్తు. స్పెక్ట్రం దానికి దాదాపు మూడు డిగ్రీల దూరంలో పడుతుంది. 50 ఎంఎం లెన్స్‌లో రెండూ హాయిగా పడతాయి.

5. ఒక తార, ఒక పోలిక తార, మళ్లీ అదే తార

రైజెల్ పది ఫ్రేములు, సిరియస్ పది, మళ్లీ రైజెల్ పది. ఇలా ఎందుకంటే, మధ్యలో మంచు పడినా, పలచటి మబ్బు వచ్చినా రెండు రైజెల్ సెట్లూ ఒకదానితో ఒకటి సరిపోవు. అప్పుడు ఆ రాత్రి లెక్కను పక్కన పెట్టాలని మీకు తెలిసిపోతుంది.

పోలిక తార దాదాపు అదే ఎత్తులో ఉండాలి. దిగంతానికి దగ్గరైనకొద్దీ గాలి నీలం వెలుగును మింగేస్తుంది. నావోస్‌ను 30 డిగ్రీల దగ్గర తీసి, సిరియస్‌ను 60 దగ్గర తీసి పోలిస్తే నావోస్ ఎర్రబడినట్టు కనిపిస్తుంది. ఆకాశంలోకెల్లా వేడి తారల్లో ఒకటి అది!

ప్రతి సెట్టుకూ నోట్‌బుక్‌లో టైము రాయండి. ఫైలు పేర్లలో మాత్రం ప్రపంచ సమయం వాడండి, అంటే మన టైములోంచి 5 గంటల 30 నిమిషాలు తీసేయండి. జనవరి 10 తెల్లవారుజామున 2 గంటలకు తీసింది ప్రపంచ సమయంలో జనవరి 9, 20:30. నేను మొదటి ఏడాది దీన్ని పట్టించుకోలేదు. ఒకే రాత్రి తీసినవి రెండు తేదీల కింద పడి, ఏ సిరియస్ ఏ సైఫ్‌కు పోలికో తెలియక పదకొండు సెట్లు పారేశాను.

మిద్దె మీద టార్చ్ ఎర్రదే వాడండి. తెల్ల టార్చ్ వేసి అటూ ఇటూ తిరుగుతుంటే పక్కింటి పెద్దాయన, "ఏంది అబ్బయ్యా, దొంగలేమన్నా వచ్చినారా?" అని కర్ర పట్టుకుని వాళ్ల మిద్దె ఎక్కాడు. ఆయనకూ రైజెల్ చూపించాల్సి వచ్చింది.

6. కంప్యూటర్లో కొలబద్ద అమర్చండి

సిరిల్‌లో రా ఫైళ్లను ఫిట్స్ (ఖగోళ ఫొటోలకు వాడే ఫైలు రకం)గా మార్చి, బాస్‌లో తెరిచి, స్పెక్ట్రం పట్టీని ఎంచుకుంటే గ్రాఫు వస్తుంది. అడ్డం మీద పిక్సెళ్లు, నిలువు మీద వెలుగు. ఇప్పుడు పిక్సెళ్లను నానోమీటర్లుగా మార్చాలి.

సిరియస్‌లో లోతుగా పడే గీతలు ఇవి: హైడ్రోజన్ బీటా 486.1, గామా 434.0, డెల్టా 410.2 నానోమీటర్లు. చుక్కను సున్నాగా, బీటాను 486.1గా గుర్తించండి. ఇక గామా ఎక్కడ పడుతుందో సాఫ్ట్‌వేర్‌ను అడక్కుండా మీరే లెక్క వేసి చూడండి. 4.3 మైక్రాన్ల పిక్సెల్, 50 ఎంఎం లెన్స్, 100 గీతల గ్రేటింగ్ అయితే పిక్సెల్‌కు 0.86 నానోమీటర్లు. అంటే చుక్క నుంచి బీటా 565 పిక్సెళ్ల దూరంలో, గామా సుమారు 505 దూరంలో ఉండాలి. మీ గ్రాఫులో గామా ఒకటి రెండు పిక్సెళ్ల తేడాలో అక్కడే ఉంటే కొలబద్ద సరైనదే. పది పిక్సెళ్లు తేడా వస్తే మీరు బీటా అనుకున్నది బీటా కాదు, ఇంకో గీత. ఎక్కువగా గామానే బీటా అనుకుంటారు.

మార్పు చేయని డీఎస్‌ఎల్‌ఆర్‌లో 656.3 దగ్గరి హైడ్రోజన్ ఆల్ఫా వెలవెలబోతుంది, ఎందుకంటే సెన్సర్ ముందు ఎరుపును కోసే ఫిల్టర్ ఉంటుంది. ఆ చివర ఏమీ కనిపించలేదని కంగారు పడకండి.

ఈ కొలబద్దను అదే రాత్రి తీసిన మిగతా తారలన్నిటికీ వాడండి. లెన్స్ గానీ గ్రేటింగ్ గానీ కదిపితే మళ్లీ మొదటి నుంచి.

7. పుస్తకం తెరవకముందే చూసింది రాయండి

ఈ గైడ్‌లో ఒక్క స్టెప్పే పాటిస్తానంటే ఇది పాటించండి. సిమ్‌బాడ్‌లో (తారల వివరాలుండే ఆన్‌లైన్ డేటాబేస్) తార తరగతి చూసేసి ఆ తరువాత గ్రాఫు చూస్తే, అక్కడ లేని గీత కూడా మనకు కనిపిస్తుంది. నాకు కనిపించింది. సైఫ్ స్పెక్ట్రంలో హీలియం గీత ఉందని మూడు రాత్రులు వరసగా రాసుకున్నాను. తరువాత ఫైళ్ల పేర్లు మార్చి, ఏది ఏ తారో తెలియకుండా మా తమ్ముడి చేత కలిపించి, మళ్లీ కొలిచాను. ఆ గీత సైఫ్‌లో ఎంత ఉందో సిరియస్‌లోనూ అంతే ఉంది. అంటే అది గ్రాఫులోని ఉత్త గరుకు (నాయిజ్).

ఇలా కొలవండి. గీతకు రెండు పక్కలా ఉన్న వెలుగును 100 అనుకోండి. గీత అడుగున 80 ఉంటే లోతు 20 శాతం. బీటా, గామా రెండిటికీ కొలవండి. తరువాత పోలిక తారకూ కొలవండి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాయండి.

ఏం కనిపించాలి? సిరియస్‌లో గీతలు గాడి తీసినట్టు ఉంటాయి. రెగ్యులస్‌లో కాస్త తక్కువైనా స్పష్టంగా ఉంటాయి. రైజెల్‌లో అవే గీతలు వెతుక్కోవలసినంత పలచగా ఉంటాయి. మొదటిసారి చూస్తే ఫోకస్ పోయిందేమో అనిపిస్తుంది. వెంటనే సిరియస్‌కు తిప్పి చూస్తే గీతలు పదునుగానే ఉంటాయి. అప్పుడు తెలుస్తుంది, పలచన తారదేనని. రెగ్యులస్, రైజెల్ రెండూ బి8. వేడి దాదాపు ఒకటే, గీతలు మాత్రం వేరు. కాబట్టి మీ మొదటి జత ఇదే కావాలి. ఫిబ్రవరి, మార్చి రాత్రుల్లో తొమ్మిది దాటాక రెండూ ఆకాశంలో ఉంటాయి.

అల్నిలమ్ ఇంకా నున్నగా ఉంటుంది. ఇక్కడే పెద్ద గోతి ఉంది. గీతలు పలచగా ఉండటానికి రెండు కారణాలు ఉండొచ్చు: తార ఉబ్బి ఉండొచ్చు, లేదా మరీ వేడిగా ఉండి హైడ్రోజన్ చాలావరకు అయాన్లుగా విడిపోయి ఉండొచ్చు. వేడికీ గీతలకూ ఉన్న ఈ లెక్కను 1920లో తేల్చింది మన శాస్త్రవేత్త మేఘనాద్ సాహానే. మన చిన్న గ్రేటింగ్ ఆ రెండు కారణాలనూ విడదీయలేదు. విడదీయాలంటే హీలియం 447.1, మెగ్నీషియం 448.1 గీతలను వేర్వేరుగా చూడాలి. వాటి మధ్య దూరం ఒక్క నానోమీటరు. మన పరికరం రెండు, రెండున్నర నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్నవాటిని కలిపేస్తుంది. కాబట్టి జాబితాలో "సూపర్‌జెయింట్" అని రాయకండి. "గీతలు పలచన, సూపర్‌జెయింట్ కావచ్చు" అని రాయండి.

8. అసలు గీతా, అద్దె గీతా?

స్పెక్ట్రంలో కనిపించే ప్రతి గీతా తారది కాదు. నాకు తెలిసిన దొంగ గీతలు:

589 దగ్గర గీత. హీలియం 587.6 అని సంబరపడతారు. తారకూ మనకూ మధ్య ఉన్న వాయువులోని సోడియం 589 దగ్గర పడుతుంది.  మన గ్రేటింగ్‌కు ఈ రెండూ ఒకటే.

687 దగ్గర, 720 చుట్టూ, 760 దగ్గర. ఇవి మన గాలివే, ఆక్సిజన్, నీటి ఆవిరి. ఫిల్టర్ తీయించిన కెమెరా ఉన్నవాళ్లకు బాగా కనిపిస్తాయి. 720 చుట్టూ ఉండేది నీటి ఆవిరి కాబట్టి తీరం దగ్గర తేమ రాత్రుల్లో ఇంకా ముదురుతుంది. 760 దాటాక రెండో వరుస స్పెక్ట్రం నీలం చివర కూడా వచ్చి మీద పడుతుంది. అటు వైపు కొలవడం మానేయండి.

మెరిసే గీత. దీనికి నేను నిండా మోసపోయాను. సైఫ్ స్పెక్ట్రంలో ఒకరోజు ఆకుపచ్చ భాగంలో తళుక్కుమని మెరిసే అడ్డగీత కనిపించింది. ఎమిషన్ గీత దొరికిందని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అది వెనకాల ఉన్న చిన్న తార. గ్రేటింగ్ ముందు చీలిక లేదు కాబట్టి ఆకాశంలోని ప్రతి తార చుక్కా ఎక్కడో ఒకచోట పడుతుంది. పది సెకన్లలో ఆ చుక్క కూడా అడ్డంగా జరిగి, అచ్చం గీతలాగే కనిపిస్తుంది. ఓరియన్‌లో తారలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఇది ఎక్కువ. పరీక్ష సులువే: గ్రేటింగ్‌ను 180 డిగ్రీలు తిప్పి మళ్లీ తీయండి. నిజమైన గీతైతే స్పెక్ట్రంతో పాటు అవతలి పక్కకు వెళ్తుంది. తారైతే ఉన్నచోటే ఉంటుంది.

నిజమైన మెరిసే గీతలు చూడాలంటే నావోస్‌కు కింద, ఇంకాస్త దక్షిణాన ఉన్న గామా వెలోరమ్‌ను తీయండి. అది సూపర్‌జెయింట్ కాదు, వూల్ఫ్-రాయే తార (పైపొరల వాయువును జోరుగా వెదజల్లే బాగా వేడి తార), దానికి తోడుగా 'ఓ' తరగతి తార ఒకటి. 465 చుట్టూ దిబ్బలా, 570, 581 దగ్గర కార్బన్ గీతలు పైకి లేచి కనిపిస్తాయి. ఒక్కసారి చూస్తే దొంగ గీతకూ అసలు గీతకూ తేడా కంటికి పడుతుంది.

9. దూరం పెట్టి సరిచూడండి

ఇప్పుడు పుస్తకం తెరవండి. తరగతికి సిమ్‌బాడ్, దూరానికి హిప్పార్కస్ ఉపగ్రహం కేటలాగ్. గయా ఉపగ్రహం కొత్తదీ మెరుగైనదీ కదా అంటారు. ఇంత ప్రకాశవంతమైన తారలు దానికి సరిగా పట్టవు.

లెక్క: అసలు ప్రకాశం = కనిపించే ప్రకాశం − 5 × లాగ్(దూరం పార్సెక్‌లలో) + 5. ఒక పార్సెక్ అంటే 3.26 కాంతి సంవత్సరాలు. రైజెల్ దూరం 264 పార్సెక్‌లు. 0.13 − 12.11 + 5 = −6.98. రెగ్యులస్ దూరం 24.3 పార్సెక్‌లు. 1.40 − 6.93 + 5 = −0.53. ఒకే వేడి, ఆరున్నర మాగ్నిట్యూడ్ల తేడా. అంటే రైజెల్ సుమారు 380 రెట్లు ఎక్కువ వెలుగుతోంది. మీరు "పలచన" అని రాసిన గీతలు నిజంగా ఉబ్బువల్లనే పలచబడ్డాయని ఈ లెక్క చెప్తుంది. రెండూ ఒకే మాట చెప్తేనే జాబితాలో "కావచ్చు"ను అలాగే ఉంచి పక్క గడిలో "ఖాయం" రాయండి.

దూరపు తారలకు మధ్యలోని ధూళి మింగిన వెలుగు కూడా కలపాలి. రంగును నమ్మొద్దని ముందు అన్నది దీనివల్లే. జీటా పెర్సీ బి1 సూపర్‌జెయింట్, సిరియస్ కంటే రెట్టింపు పైనే వేడి. అయినా ధూళి వల్ల దాని రంగు సూచిక +0.12. సిరియస్‌ది 0.00. అంటే కంటికి సిరియస్సే ఎక్కువ నీలం. రంగు చూసి జాబితా చేస్తే జీటా పెర్సీ బయటే ఉండిపోతుంది.

10. జాబితా షీటు

ఎక్సెల్‌లో ఒక్కో రాత్రి ఒక్కో తారకు ఒక్కో వరుస. తార పేరు, హెచ్‌డీ నంబరు, తేదీ ప్రపంచ సమయంలో, ఎత్తు, ఫ్రేముల లెక్క, లెన్స్, ఐఎస్ఓ, పోలిక తార, బీటా లోతు, గామా లోతు, పోలిక తార లోతులు, ముందు అంచనా, పుస్తకంలో తరగతి, అసలు ప్రకాశం, ఆకాశం ఎలా ఉంది, ఫైలు పేరు.

"ముందు అంచనా" గడిని తరువాత ఎప్పుడూ దిద్దకండి. తప్పయితే తప్పుగానే ఉండనివ్వండి, పక్క గడిలో ఎందుకు తప్పిందో రాయండి. కనీసం మూడు రాత్రులు, మూడు వరుసలు వచ్చేదాకా ఏ తారనూ పూర్తయినట్టు లెక్కవేయకండి. రైజెల్, డెనెబ్ లాంటి వాటి హైడ్రోజన్ ఆల్ఫా రోజుల తేడాలో మారుతుంటుంది కూడా. కాబట్టి దాన్ని తరగతి తేల్చడానికి వాడొద్దు. తేదీలతో సహా గ్రాఫులు దాచుకోవడానికైతే అదే అన్నిటికంటే విలువైన గీత.

ఇంతమంది పెద్దవాళ్లు చేసిన జాబితాలు ఉండగా మనదెందుకని అడుగుతుంటారు. 1987 ఫిబ్రవరిలో పెద్ద మెజిలానిక్ మేఘంలో (మన పాలపుంత పక్కనున్న చిన్న గెలాక్సీ) సూపర్‌నోవా పేలింది. పేలింది ఏ తారని వెతికితే, ఖగోళ శాస్త్రవేత్త నికొలస్ సాండులీక్ ఏళ్ల ముందే చేసి పెట్టిన జాబితాలో దొరికింది, −69 పట్టీలో 202వ నంబరు. అది బి3 నీలి సూపర్‌జెయింట్. అలా పేలేవి ఎర్ర సూపర్‌జెయింట్లేనని అప్పటిదాకా చాలామంది లెక్క. ఆయన వాడింది టెలిస్కోప్ ముందు ప్రిజం పెట్టి ఒకేసారి బోలెడు తారల స్పెక్ట్రాలు తీసే పద్ధతి, మన గ్రేటింగ్‌కు పెద్దన్న. మన జాబితా అంత పని చేస్తుందని కాదు. రాసే పద్ధతి మాత్రం ఒకటే.

ఆ తరువాత?

ట్రాకర్ కొంటే పి సిగ్ని (4.8) తీయండి. దాని హైడ్రోజన్ ఆల్ఫా ఈ గ్రేటింగ్‌లోనే మెరుస్తుంది. చీలిక ఉన్న ఆల్పీ 600 లాంటి స్పెక్ట్రోగ్రాఫ్, దానికి తగ్గ టెలిస్కోప్ ఉంటే 447, 448 గీతలను విడదీసే పనిలో దిగొచ్చు. అది వేరే ఖర్చు, వేరే గైడ్. ఇంకా పెద్ద పనిముట్లు ఎలా ఉంటాయో చూడాలంటే తమిళనాడులోని కావలూరులో వైను బప్పు అబ్జర్వేటరీ ఉంది, 2.34 మీటర్ల టెలిస్కోప్. కావలూరు అంటే మన కావలి అనుకుని నాకు ఫోన్ చేసినవాళ్లు ఇప్పటికి ఇద్దరు.

ఏప్రిల్‌లో ఓరియన్ పడమట దిగిపోయాక సామాను సర్దేయండి. గ్రేటింగ్‌ను గాలి చొరని డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. మందుల సీసాల్లో వచ్చే పొట్లాలైనా చాలు. వానాకాలంలో నెలకోసారి తీసి చూడండి. గాజు మీద తెల్లటి సాలెగూడులాంటిది కనిపిస్తే అది బూజు. పొట్లాలు మార్చండి, గాజును మాత్రం ముట్టుకోకండి.